చప్పుడు లేదన్న మెకానిక్

కరెంటు బండి కొన్నవాళ్లని ఆర్నుల్ఫో ఓసోరియో మనుషుల్లో జమకట్టేవాడు కాదు. వాళ్లు తన షెడ్డు ముందు నుంచి సడీ సప్పుడూ లేకుండా జారుకుంటూ పోతుంటే, చేతిలో పానా పట్టుకుని గుమ్మంలో నిలబడి, "అదిగో, ఇస్త్రీపెట్టె ఎక్కి ఊరేగుతున్నాడు మహారాజు," అనేవాడు. బళ్లు బాగుచేయించుకోడానికి వచ్చి కూర్చున్నవాళ్లు నవ్వేవాళ్లు. నవ్వకపోతే తమ బండి సాయంత్రం దాకా ముట్టుకోడని వాళ్లకి తెలుసు.

ఆ పొగరుకి కారణం లేకపోలేదు. తులువా ఊళ్లో మోటారుసైకిలు లేని ఇల్లు లేదు. ఆర్నుల్ఫో చెయ్యి పడని బండీ తక్కువే. ఒక బండి కింద వెల్లకిలా పడుకుని పనిచేస్తూ, వీధి మలుపులో వస్తున్న ఇంకో బండి చప్పుడు విని, "ఆ వచ్చేవాడి వాల్వు కాలింది," అని అక్కణ్ణుంచే చెప్పేవాడు. విప్పి చూస్తే కాలే ఉండేది. అందుకని ఊరు ఆయనకి 'చెవి' అని పేరు పెట్టింది. చుట్టుపక్కల చెరకు తోటల నుంచి కూడా ఆ చెవిని వెతుక్కుంటూ జనం బళ్లు తోసుకుంటూ వచ్చేవాళ్లు. తనంత చెవి ఈ లోయ మొత్తంలో లేదని ఆయన నమ్మకం. మిగతా మెకానిక్కుల సంగతి ఎవరన్నా ఎత్తితే, "వాళ్లా? కళ్లజోడు పెట్టుకునేందుకే వాళ్లకి చెవులు," అని తీసిపారేసేవాడు.

అలాంటివాడి సొంత మరదలు కరెంటు బండి కొంది.

నోహెమీ ఆయన భార్య ఎడిల్మాకి చెల్లెలు. మొగుణ్ణి ఎప్పుడో వదిలేసింది. పొద్దున్నే వేడివేడిగా జున్ను రొట్టెలు, అదే, పాన్‌దెబోనోలు కాల్చి, పెట్టెలో పెట్టుకుని ఇంటింటికీ వేస్తుంది. ఆమె నోటికి తాళం చేసే కంసాలి ఇంకా పుట్టలేదని ఊళ్లో అంటారు. కొత్త బండి తీసుకొచ్చి సరాసరి బావ షెడ్డు ముందు ఆపింది.

"బావా, బయటికొచ్చి బండి చూడు."

"బండేదీ? నాకు ఇస్త్రీపెట్టె ఒక్కటే కనబడుతోంది."

"పోనీ ఇస్త్రీపెట్టే చూడు. నువ్వు అంటగట్టిన పాత బండి వారానికోసారి నీ దగ్గరికే తెచ్చి తెచ్చి నా కాళ్లరిగాయి."

"పొగుండదు, నూనుండదు, చప్పుడుండదు. చప్పుడు లేని బండీ, నోరిప్పని మొగుడూ ఒకటే. లోపల ఏం కుళ్లుతోందో చచ్చేదాకా తెలీదు."

"నోరిప్పే మొగుణ్ణి చూస్తున్నాంగా, మా అక్కకి దొరికాడు."

షెడ్డులో రోజూ టింటో, అంటే పాలు లేని కాఫీ, తాగడానికి వచ్చి కూర్చునే లిబార్దో అనే ముసలాయన, ఒకప్పటి లారీ డ్రైవరు, ఆ మాటకి నవ్వబోయి కాఫీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు.

బండి కొని ఎన్నాళ్లో కాలేదు, నోహెమీ మళ్లీ వచ్చింది. ఈసారి మొహం వేలాడేసుకుని ఉంది.

"బావా, బండి అరుస్తోంది."

ఆర్నుల్ఫోకి అంతకు మించిన పండగ లేదు. చేస్తున్న పని ఆపి, చేతులు గుడ్డతో తుడుచుకుని, "రండి రండి, అందరూ రండి, చప్పుడు లేని బండి అరుస్తోందట," అని షెడ్డులో వాళ్లనే కాక ఎదురుగా కూరగాయల కొట్టు వాణ్ణి కూడా పిలిచాడు. బండిని స్టాండు మీద నిలబెట్టించాడు. మోటారు మధ్యలో ఉంటుంది, అక్కణ్ణుంచి పళ్లున్న నల్లటి రబ్బరు బెల్టు వెనక చక్రానికి పోతుంది. చైను ఉండాల్సిన చోట ఆ రబ్బరు చూడగానే ఆయన పెదవి విరిచాడు. ఎప్పటిలాగే కళ్లు సగం మూసి, తల ఓ పక్కకి వాల్చి, "తిప్పు," అన్నాడు.

నోహెమీ రేజు ఇచ్చింది. చక్రం తిరిగింది. కూరగాయల కొట్టు వాడు మొహం చిట్లించాడు. లిబార్దో, "ఆ, అదిగో," అన్నాడు.

"ఏదిగో?" అన్నాడు ఆర్నుల్ఫో.

"అదే. కిచకిచ. చిలకని పీక పట్టుకున్నట్టు."

ఆర్నుల్ఫోకి టైరు తిరుగుతున్న గాలి చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, మొన మోటారు మీద ఆనించి, పిడి చెవికి నొక్కిపెట్టి విన్నాడు. అడుగున ఎక్కడో సన్నపాటి ఊపు, అంతే. ఇంజను లోపల అయితే ఇలా వింటే ఊరు ఊరంతా వినబడేది. ఇందులో ఏముంది, శ్మశానం. ఆయన లేచి స్క్రూడ్రైవరు డబ్బాలో పడేశాడు.

"చప్పుడూ లేదు, గిప్పుడూ లేదు."

"నీకు వినబడటంలా?" అంది నోహెమీ.

"ఉంటే నాకు వినబడకుండా నీకు వినబడుతుందా? మూగ బండి ఎక్కి తిరుగుతున్నావు కదా, నీ తలకాయలో చప్పుడు నీకే వినబడుతోంది. దానికి మందు నా దగ్గర లేదు, ఫాదరు దగ్గరికెళ్లు."

"మరి వీళ్లకి?"

"వీళ్లా? నువ్వు రొట్టెలు పెడుతున్నావు కదా, నువ్వేం వినబడుతోందంటే వీళ్లకి అదే వినబడుతుంది."

నోహెమీ ఫాదరు దగ్గరికి పోకుండా షోరూముకి పోయింది. అక్కడ దువాన్ అనే కుర్ర టెక్నీషియను, ఇస్త్రీ చొక్కా నలక్కుండా, బండికి ఓ తీగ తగిలించి ఫోనులో చూసి, "తప్పేమీ చూపించట్లేదు మేడం, కొత్త బెల్టు కదా, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటుంది," అని పంపేశాడు. ఆదివారం అక్క ఇంట్లో భోజనాల దగ్గర నోహెమీ ఆ సంగతి చెప్పి మండిపడింది.

"చెవి పెట్టి వినలేదక్కా! ఫోను చూసి రోగం లేదన్నాడు. ఆ చొక్కాకి మరకంటుతుందని బండి పక్కన కూర్చోనన్నా కూర్చోలేదు."

"మొత్తానికి వాడొక నిజం చెప్పాడు," అన్నాడు ఆర్నుల్ఫో, పులుసులో అరటికాయ ముక్క వెతుక్కుంటూ. "చప్పుడు లేదు గనక లేదన్నాడు."

"లేదనలేదు బావా, సర్దుకుంటుందన్నాడు. నా రొట్టెలు కొనే డోనా ఫాబియోలా ఏమంటోందో తెలుసా? 'నువ్వు గంట కొట్టక్కర్లేదమ్మా, నీ ఎలకల బోను చప్పుడు వినే గిన్నె తెచ్చుకుంటున్నా' అంటోంది. కొత్త బండి! ఎలకల బోనట!"

ఎడిల్మా మొగుడి వంక ఓసారి చూసి, ఏదో అనబోయి, మానేసి, గిన్నెలు తీసుకుని లోపలికి వెళ్లింది.

మరుసటి శనివారం నోహెమీ బండిని షెడ్డులోకి తోసుకొచ్చి, "నువ్వేదన్నా చేస్తే గానీ ఇక్కణ్ణుంచి కదలను," అని టైర్ల దొంతర మీద కూర్చుంది. కూర్చున్న మనిషి ఊరికే కూర్చోదు కదా, వచ్చిన ప్రతి గిరాకీకీ ఎలకల బోను కథ చెప్పడం మొదలుపెట్టింది. దాని నోరు మూయించడానికి ఆర్నుల్ఫో లేచాడు. వంగి, బెల్టుని బొటనవేలితో నొక్కాడు. అది కాస్త లోపలికి దిగింది.

"ఇదిగో నీ రోగం! పాత లంగా బొందులా వేలాడుతోంది. చైన్లు బిగించిన చేతికి ఈ రబ్బరు తాడొక లెక్కా? ఈ మాత్రం దానికి ఊరంతా టముకు వేశావు."

ఇరుసు నట్టు వదులు చేసి, రెండు పక్కలా మరలు తిప్పి చక్రాన్ని వెనక్కి లాగాడు. బెల్టు బిగిసింది. ఇంకా లాగాడు. లిబార్దో కప్పు కింద పెట్టి, "మరీ అంత బిగించాలంటావా?" అన్నాడు.

"నువ్వు లారీ తోలావంతే, బాగుచెయ్యలేదు. కూర్చో."

బెల్టు గిటారు తీగలా అయ్యేదాకా బిగించి, నట్టు వేసి, ఎవరికీ ఇవ్వకుండా తనే బండెక్కాడు. "చూడండి. పార్కు చుట్టూ తిప్పుకొస్తా. చప్పుడు వచ్చిందని ఎవడన్నా అంటే వాడి బండి జన్మలో ముట్టుకోను."

ఆయన కరెంటు బండి ఎక్కడం అదే మొదలు. రేజు తిప్పగానే బండి వెనక ఎవరో తోసినట్టు ముందుకు దూకింది. గేర్లు లేవు, క్లచ్చు లేదు, పట్టుతప్పిన పిల్లిలా పోతోంది. బాగానే ఉంది సుమా, అనుకున్నాడు, అనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చింది. కాళ్లు పెట్టుకునే కమ్మీల్లో ఏదో జిలజిల ఉంది. రోడ్డు బాగాలేదనుకున్నాడు.

చర్చి ముందు పెళ్లివాళ్లు ఫోటోలు దిగుతున్నారు. ఆయన వస్తుంటే అందరూ ఒక్కసారి ఇటు తిరిగారు. పెళ్లికూతురు కూడా తిరిగింది. ఆర్నుల్ఫో తల ఎగరేసి పోయాడు. చెవి డోన్ ఆర్నుల్ఫో కరెంటు బండి మీద పోతుంటే చూడరా మరి. పార్కు దగ్గర ఐసు తురిమి పళ్లు కలిపి అమ్మే ఆవిడ రెండు చేతులూ తలకి పట్టుకుంది. తలనొప్పి కాబోలు. బెంచీ మీద చదరంగం ఆడుతున్న ముసలాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన టోపీ ఊపుతూ ఏదో అరిచాడు. ఆర్నుల్ఫో చెయ్యెత్తి దండం పెట్టాడు. అప్పుడు కుక్కలు బయల్దేరాయి. ముందొకటి, తర్వాత రెండు వీధుల కుక్కలన్నీ, నోళ్లు తెరుచుకుని బండి వెంట పడ్డాయి. "ఛీ, మూగ బండంటే కుక్కకి కూడా లోకువే," అని కాలితో అదిలిస్తూ, ఆ దండునంతా వెంటేసుకుని షెడ్డు ముందుకొచ్చి ఆగాడు.

షెడ్డు ముందు జనం పెరిగి ఉన్నారు.

"చూశారా?" అన్నాడు బండి దిగుతూ. "చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు."

లిబార్దో కప్పులోకి చూస్తున్నాడు, అందులో కాఫీ అయిపోయి చాలాసేపయింది. నోహెమీ టైర్ల మీంచి లేచి వచ్చింది.

"బావా, నువ్వు పార్కు దగ్గరున్నప్పుడే ఇక్కడికి వినబడింది."

"ఏం వినబడింది?"

"కూత. రైలు ఆగేటప్పుడు ఇనుము ఇనుముని కోసినట్టు. ఇదివరకు ఎలకల బోను, ఇప్పుడు..." ఆమెకి మాట దొరకలేదు. ఆమెకి మాట దొరక్కపోవడం ఆ వీధిలో ఎవరూ ఎరగరు.

"ఓహో, అందరూ కూడబలుక్కున్నారన్నమాట. నన్ను ఆడించడానికి." ఆయన జనం వంక తిరిగాడు. "చెప్పండ్రా! ఒక్కడు చెప్పండి నా మొహం చూసి!"

చెప్పింది ఎడిల్మా. వంటగదిలోంచి చేతులు తడిగా పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఉంది.

"అంబులెన్సు అనుకుని వచ్చా నేను," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నీకు వినబడటం లేదు, ఆర్నుల్ఫో. ఇవాళ కాదు, చాన్నాళ్లుగా," అంది.

వెనకనుంచి ఎవరో, "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏం కొరుకుతున్నావురా అన్నాట్ట," అన్నారు. ఒకడు కిసుక్కుమన్నాడు. ఆ నవ్వు మాత్రం ఆర్నుల్ఫోకి బాగా వినబడింది. చేతిలో పానా నేలకేసి కొట్టి, "పొండి! అందరూ పొండి! మీ డొక్కు బళ్లు తీసుకుని పొండి!" అని, మిట్టమధ్యాహ్నం షట్టరు దించేశాడు. నోహెమీ బండి లోపలే ఉండిపోయింది.

ఇంట్లోకి పోలేదు. వెనక వసారాలో పీట మీద కూర్చున్నాడు. పొలాల్లో చెరకు ఆకు తగలబెడుతున్నారు, నల్లటి మసి ముక్కలు మెల్లగా వచ్చి ఆరేసిన బట్టల మీద వాలుతున్నాయి. చెవిటి! నన్ను! కళ్లజోడు చెవులవాళ్లు నన్ను! ఆ ఆడదానికి తోడు నా పెళ్లాం! ఒక్కొక్కణ్ణీ తల్చుకుని తిట్టుకున్నాడు. తిట్లు అయిపోయాక తల ఎత్తాడు.

ఎదురుగా కొక్కేనికి ఎడిల్మా పెంచుకునే కనారీ పిట్ట పంజరం వేలాడుతోంది. అది ముసలిదైపోయి పాట మానేసిందని ఆయన చాన్నాళ్ల కిందటే తేల్చేశాడు. "తిండి దండగ" అని ఎన్నోసార్లు అన్నాడు కూడా. ఇప్పుడు ఆ పిట్ట ముక్కు తెరిచి ఉంది. గొంతు కింద పసుపు ఈకలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఒళ్లంతా ఊగుతోంది. ఆయన పీట మీంచి లేచి దగ్గరికి వెళ్లాడు. చెవి పంజరం చువ్వలకి ఆనించాడు. పిట్ట బెదరలేదు, ముక్కు ఇంకా పెద్దగా తెరిచింది.

ఏమీ లేదు.

ఎడిల్మా గడపలో నిలబడి చూస్తోంది.

"ఇది పాడటం ఎప్పుడు మానేసింది?" అన్నాడు, తిరక్కుండానే.

"మానలేదు."

సన్నటి చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. ఇంజన్లూ సైలెన్సర్లూ జనం అరుపులూ, ఆ లావు చప్పుళ్లన్నీ మిగిలే ఉన్నాయి గనక ఇల్లు నిండుగానే ఉందనుకున్నాడు. ఈమధ్య తను బాగుచేసి పంపిన బళ్లు కొన్ని మళ్లీ తిరిగి రావడం, స్పేరు పార్టులు దొంగవని తను తిట్టడం, ఆ గిరాకీలు ఇంకో షెడ్డుకి మారిపోవడం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. అప్పుడు స్పేరు పార్టుల్ని తిట్టిన తిట్లన్నీ ఇప్పుడు తనకే పెట్టుకున్నాడు, ఒక్కటీ తగ్గించలేదు.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు చివరికి.

"చెబితే వినేవాడివా?" అంది ఎడిల్మా. అన్నాక ఆమెకే నవ్వొచ్చి, కొంగు లేని మనిషి గనక తువ్వాలుతో నోరు మూసుకుంది. ఆర్నుల్ఫో నవ్వలేదు. కానీ కసరనూ లేదు.

ఎండ తగ్గకముందే నోహెమీ అక్క ఇంట్లోంచి నడిచి షెడ్డులోకి వచ్చింది. మూసిన షట్టరు వెనక దీపం వేసుకుని ఆర్నుల్ఫో బండి ముందు నిలబడి ఉన్నాడు.

"నా బండి నాకిచ్చెయ్ బావా. పొద్దున్నే రొట్టెలు వెయ్యాలి. అరిస్తే అరిచింది."

"ఈ బెల్టుతో చెరకు లారీల మధ్యకి పోతావా? మధ్యలో తెగితే ఆ లారీవాళ్లు నిన్ను రొట్టె నొక్కినట్టు నొక్కుతారు. తెగకపోతే మోటారు బేరింగు పోతుంది."

"అయితే అంత బిగించిందెవరు?"

"ఎవడో చెవిటి వెధవ."

నోహెమీ ఆయన మొహంలోకి చూసింది. నోట్లో సిద్ధంగా ఉన్న మాటలు మింగేసి, టైర్ల దొంతర దగ్గరికి నడిచింది.

"అక్కడ కాదు. ఇక్కడ, చక్రం పక్కన కూర్చో. నేనడిగినదానికి జవాబు చెప్పు. అడగనిది చెప్పావో, పానాతో కొడతా."

ముందు బెల్టు వదులు చేశాడు, పొద్దున తను బిగించకముందు ఎలా ఉందో అలా. వెనక చక్రాన్ని చేత్తో తిప్పాడు.

"ఉందా?"

"ఉంది. పాత కిచకిచ."

"ఆగి ఆగి వస్తోందా, ఏకబిగినా?"

"ముక్కలు ముక్కలుగా. గబగబా."

"చక్రం వేగం తగ్గితే?"

"అదీ తగ్గుతోంది."

"ఇప్పుడు రేజిచ్చి, ఒక్కసారిగా వదిలెయ్. మోటారు ఆగిపోయి చక్రం ఊరికే తిరుగుతుంది కదా, అప్పుడు చెప్పు."

నోహెమీ రేజిచ్చి వదిలింది. కళ్లు మూసుకుంది. "అప్పుడూ ఉంది."

"అయితే మోటారు కాదు. కరెంటు సంగతి అసలే కాదు. ఆ షోరూం బాబు ఫోనులో తెల్లార్లూ చూసినా కనబడదు." ఆయన గొంతులో పాత పొగరు కొంచెం కొంచెంగా ఊరుతోంది. వెనక బ్రేకు బిగింపు విప్పి పక్కకి కట్టి, మళ్లీ తిప్పాడు. "ఇప్పుడు?"

"ఉంది."

"బ్రేకు కాదు. ఇక మిగిలింది చక్రం బేరింగూ, బెల్టూ." అరచేయి ఇరుసు దగ్గర ఆనించి చక్రం తిప్పాడు. బేరింగులో గరుకు ఉంటే చెవులతో పని లేదు, చేతికే తెలుస్తుంది. వెన్నలా తిరుగుతోంది. గిన్నెలో నీళ్లు తెచ్చి, తిరుగుతున్న బెల్టు మీద వేళ్లతో చిలకరించాడు.

"ఆగిపోయింది!" అంది నోహెమీ. ఎగిరినంత పని చేసింది. "బావా, ఆగిపోయింది! ఏం చేశావు... ఆ. మళ్లీ వచ్చింది."

"ఎగరకు. తడికి ఆగి, తడి పోగానే మళ్లీ మొదలైతే బెల్టు ఎక్కడో పక్కకి రాసుకుంటోందని. వదులైనందుకు కాదు." ఆ చివరి మాట కాస్త నమిలి అన్నాడు. దీపం దగ్గరగా పట్టి చూశాడు. వెనక పళ్లచక్రం అంచు ఒక పక్క అద్దంలా మెరుస్తోంది. దాని కింద నల్లటి రబ్బరు పొడి పేరుకుని ఉంది. ఇది కంటికి కనబడేదే. మొదటి రోజు వంగి చూసుంటే ఆ రోజే కనబడేది. చూడలేదు, చెవి ఉండగా కన్నుతో పనేమిటనుకున్నాడు.

ముందు టైరు నుంచి వెనక టైరుకి దారం లాగి పట్టుకోమన్నాడు. ముందు చక్రానికి ఆనిన దారం వెనక చక్రానికి ఒక పక్క ఆనింది, రెండో పక్క వేలు దూరేంత సందుంది. ఇరుసు మీద గీతలు మాత్రం రెండు పక్కలా సమానంగానే ఉన్నాయి.

"చక్రం వంకర లేదు. మొత్తంగా పక్కకి జరిగి కూర్చుంది," అన్నాడు.

ఇరుసు లాగి చక్రం దింపాడు. ఇరుసుకి రెండు పక్కలా తొడిగే ఉంగరాలు రెండు చేతిలోకి రాలాయి. ఒకటి మందం, ఒకటి పల్చన. రెంటినీ దీపం కింద పట్టి చూసి, ఆయన నోరు తెరిచి నవ్వాడు. చాన్నాళ్లకి అంత హాయిగా నవ్వాడు.

"చూడు నోహెమీ! ఆ షోరూం బాబు కుడిది ఎడమకి, ఎడమది కుడికి తొడిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు కదా, చెప్పులు కూడా ఇలాగే తారుమారుగా వేసుకొచ్చాడేమో చూశావా?"

ఉంగరాలు మార్చి, చక్రం ఎక్కించి, బెల్టుని బొటనవేలితో నొక్కితే కొంచెం దిగేలా వదిలి నట్టు బిగించాడు.

"ఇది పాత లంగా బొందులా లేదూ?" అంది నోహెమీ.

"నోరు మూసుకుని చక్రం తిప్పు."

తిప్పింది. విన్నది. ఇంకోసారి తిప్పింది. "కిచకిచ లేదు బావా. సన్నగా జుమ్మంటోంది, గాజు కింద ఈగ ఉన్నట్టు. రేజు పెంచితే ఈగ పైకెళ్తోంది."

"గరగర?"

"లేదు."

"నేను అంత బిగించినా బేరింగు బతికి బయటపడింది. ఆ ఈగ మోటారు గొంతు. అది పోదు." ఒక క్షణం ఆగి అడిగాడు, "బావుందా?"

"ఏంటి?"

"అదే. ఆ జుమ్మనేది."

నోహెమీ కొంచెం ఆలోచించింది. "బావుంది," అంది. వెటకారం లేకుండా.

షట్టరు ఎత్తి బండిని వీధిలోకి పంపాడు. తను గుమ్మంలో నిలబడి కుక్కల్ని చూశాడు. కూరగాయల కొట్టు నీడలో పడుకున్నవి తలన్నా ఎత్తలేదు. అది చాలు.

సోమవారం ఆ షోరూముకి వెళ్లాడు, ఉతికిన చొక్కా వేసుకుని. దువాన్ గిరాకీలతో మాట్లాడుతుంటే మధ్యలో దూరి, "బాబూ, నీ ఫోనులో కుడీ ఎడమా చూపించే సదుపాయం ఉందా?" అని మొదలుపెట్టి, ఉంగరాల సంగతంతా అందరూ వినేలా చెప్పాడు. దువాన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా వాడూ తులువా కుర్రాడే.

"పొరపాటే, డోన్ ఆర్నుల్ఫో," అన్నాడు. "కానీ మీరు శనివారం పార్కు చుట్టూ ఆ బండి తోలినప్పుడు మేమిక్కడ అద్దాల తలుపులు వేసుకోవాల్సొచ్చింది. ఫైరింజను అనుకున్నాం."

గిరాకీలు నవ్వారు. ఆర్నుల్ఫో వాణ్ణి ఎగాదిగా చూశాడు. "నేను చెవిటివాణ్ణిరా," అన్నాడు గట్టిగా, నలుగురిలో. "ముప్ఫై ఏళ్లు మీ నాన్నల డొక్కు బళ్లు విని విని పోయాయి నా చెవులు. నీకేమైంది? నీ కళ్లు ఏం చూసి పోయాయి?" ఆ మాట అనేశాక ఆర్నుల్ఫోకి బయటికొచ్చి రోడ్డు మీద నిలబడటం కొంచెం కష్టమైంది. నలుగురిలో అన్నది ఇక వెనక్కి రాదు.

ఎడిల్మా పట్టుబట్టి చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. చెవిలో పెట్టుకునే మిషను ఇచ్చారు. అది పెట్టుకుంటే స్పూను గిన్నెకి తగిలినా రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుందని, దాన్ని డబ్బాలో పెట్టి ఆదివారం భోజనాలప్పుడు మాత్రం, అదీ పెళ్లాం కంచం లాగేసుకుంటానంటే, పెట్టుకుంటున్నాడు. పిట్ట పాట విన్నాడా అని నోహెమీ అడిగితే, "విన్నా. ఆ గోల కోసమా ఇన్నాళ్లూ దానికి గింజలు పోశాం," అన్నాడు. కానీ ఆ ఆదివారం భోజనం అయ్యాక కూడా మిషను తియ్యలేదని ఎడిల్మా చెప్పింది.

షెడ్డు మూతపడుతుందనుకున్నవాళ్లున్నారు. మూతపడలేదు. కాకపోతే పద్ధతి మారింది. ఇప్పుడు బండి తెచ్చినవాడు దాని చప్పుడు నోటితో చేసి చూపించాలి. సన్నటి చప్పుడైతే లావు గొంతుతో చెయ్యాలి, ఎందుకంటే సన్నవి ఆయనకి అందవు. మరీ తేడాగా ఉంటే నోహెమీకి కబురెళ్తుంది. ఆమె రొట్టెలు వేసి, తిట్టుకుంటూ వచ్చి, చక్రం పక్కన కూర్చుంటుంది.

మొన్న ఎచెవెర్రీ లాయరుగారు వచ్చారు. కోటు, టై, చేతిలో తోలు సంచీ. బండి కరెంటుదే, కొత్తది. షెడ్డు నిండా జనం.

"ఏదో శబ్దం వస్తోందండీ," అన్నారాయన మర్యాదగా.

"ఎలా?"

"అంటే... ఒక రకమైన..."

"రకాలు కాదు లాయరు గారూ. చేసి చూపించండి."

లాయరుగారు చుట్టూ చూశారు. తోలు సంచీ లిబార్దో చేతికిచ్చారు. గొంతు సవరించుకుని, చాలా చిన్నగా, "కుయ్... కుయ్..." అన్నారు.

"వినబడలేదు. లావుగా."

"గుయ్. గుయ్."

"ఇంకా. కడుపులోంచి."

లాయరుగారు మెడ నరాలు పొంగేలా, "గుర్ర్‌ర్! గుర్ర్‌ర్!" అన్నారు. ఎదుటి కొట్టు వాడు ఉల్లిపాయల మీంచి తలెత్తాడు.

ఆర్నుల్ఫో కళ్లు సగం మూసి, తల ఓ పక్కకి వాల్చి, మొత్తం విన్నాడు.

"రేజు వదిలేశాక కూడా ఇలాగే అరుస్తోందా, లేక అరుపు ఆపేస్తోందా?"

"ఆపేస్తోందండీ."

"కూర్చోండి. లిబార్దో, ఆయనకి టింటో పొయ్యి." పానా తీసుకుని బండి పక్కన మోకాళ్ల మీద కూర్చుంటూ అన్నాడు, "కోర్టులో కూడా ఇలాగే వాదిస్తారా లాయరు గారూ? పాపం, మీ కక్షిదారులు."